దేవుడు కొట్టేసిన బాకీ, అప్పకి తీర్చాల్సిన గొలుసు

బ్రదర్, ప్రభువు నామంలో వందనాలు.

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఊరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర. పని హైదరాబాద్‌లో. ఆరేళ్ల కిందట అప్ప (మీ అక్క) దాచమని ఇచ్చిన మూడు తులాల గొలుసు ఎవరికీ చెప్పకుండా కుదవ పెట్టారు. విడిపించలేదు, వేలానికి పోయింది. "బ్యాంకు లాకర్లో భద్రంగా ఉంది" అని నాన్నకీ, అప్పకీ చెబుతూ వచ్చారు. తర్వాత ప్రభువుని నమ్ముకున్నారు, బాప్తిస్మం తీసుకున్నారు. నాన్నకి కిడ్నీలు పాడై, డయాలసిస్ మీద కొన్నాళ్లుండి, పోయిన ఏడాది చనిపోయారు. మీరు పలాసలో రైలు దిగేసరికి దహనం అయిపోయింది. తలకొరివి బావ పెట్టాడు. అప్పట్నుంచి రోజూ క్షమించమని అడుగుతున్నారు, శుక్రవారాలు ఉపవాసం ఉంటున్నారు, కానుక రెట్టింపు చేశారు. ప్రభు బల్ల (రొట్టె, పాత్ర తీసుకునే ఆరాధన) రోజు మాత్రం వెనక బెంచీలో కూర్చుని లేచి వెళ్లిపోతున్నారు. "నా పాపమే నాన్నని తీసుకుపోయింది. దేవుడు క్షమించాడేమో గానీ నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను" అన్నది మీ చివరి మాట.

ముందు అసలు విషయం చెప్పేస్తాను. మీరు బాకీ లేని చోట రోజూ కడుతున్నారు, బాకీ ఉన్న చోట ఇంతవరకూ ఒక్క రూపాయి కట్టలేదు. దేవుడి దగ్గర మీ పత్రం ఏనాడో రద్దయింది, అయినా అక్కడ కన్నీళ్లు కడుతూనే ఉన్నారు. చీపురుపల్లిలో ఉన్న అప్పకి గొలుసు ఇవ్వాలి, అక్కడికి మాత్రం వెళ్లడం లేదు. భారం దిగకపోవడానికి కారణం మీ విశ్వాసం చాలకపోవడం కాదు. మూడు వేర్వేరు సంగతులు ఒకే మూటలో కట్టుకుని మోస్తున్నారు. మూట విప్పి వేటికవి పక్కన పెట్టాలి.

ఒకటి, నాన్న చావు. దాన్ని ముందు తీసేద్దాం, ఎందుకంటే అది మీ నేరం కాదు. ఉద్దానం కిడ్నీ జబ్బు మీ ఒక్క ఇంటికి వచ్చింది కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్నో ఇళ్లు దీంతో ఖాళీ అయ్యాయి. అసలు కారణం ఇదీ అని పరిశోధకులు కూడా ఇంకా తేల్చలేదు. పైగా రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే తప్ప, కిడ్నీలు బాగా దెబ్బతినేదాకా మనిషికి బయటికి ఏమీ తెలీదు. మీరు గొలుసు కుదవ పెట్టిన పాపం వెళ్లి నాన్న కిడ్నీలో కూర్చోలేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడిగారు: ఎవరు పాపం చేస్తే వీడు ఇలా పుట్టాడు, వీడా, వీడి కన్నవాళ్లా అని. యేసు ఆ ప్రశ్ననే కొట్టేశాడు, వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అన్నాడు (యోహాను 9:3). కొడుకు దోషానికి తండ్రి శిక్ష మోయడని యెహెజ్కేలు 18:20లో సూటిగా రాసి ఉంది. ఈ రెండు వచనాలూ మీ బైబిల్లో గీత గీసి పెట్టుకోండి.

రెండు, తలకొరివి పెట్టలేకపోవడం. ఇది దుఃఖం. మన వైపు చాలా ఇళ్లు వలసల మీదే బతుకుతున్నాయి. హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కినా పలాస చేరేసరికి మర్నాడు పొద్దెక్కుతుంది. శవాన్ని అన్ని గంటలు ఉంచలేక ఊళ్లో వాళ్లు కానిచ్చేస్తారు. ఆలస్యంగా వచ్చినందుకు ఊరు ఒక మాట అంటుంది, ఆ మాట గుండెలో దిగబడిపోతుంది. దాన్ని పాపాల చిట్టాలో రాసుకుంటున్నారు మీరు. యేసు బేతనియకి వచ్చేసరికి లాజరుని సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. మార్త ఎదురొచ్చి అన్న మొదటి మాట, నువ్విక్కడ ఉంటే నా తమ్ముడు చచ్చేవాడు కాదని. ఆలస్యంగా వచ్చినవాడి మీద పడే నింద ప్రభువు కూడా విన్నాడు. విని కన్నీళ్లు పెట్టుకున్నాడు. మీరు కూడా నాన్న కోసం ఏడవండి. క్షమించమని అడుగుతూ కాదు, నాన్న లేడని ఏడవండి. ఏడాదిగా మీరు ఆ ఏడుపు ఏడవలేదేమో, అంతా క్షమాపణ ప్రార్థనలోకే మళ్లించేశారేమో చూసుకోండి.

మూడోది గొలుసు, దాని చుట్టూ అల్లిన అబద్ధం. ఇది నిజమైన అపరాధం. దీన్ని తేలిక చేసి చెప్పను.

ఆ మూడో సంగతి ఇప్పుడే ఎందుకు లేచింది? అన్నేళ్లూ నిద్రపోయిన మనస్సాక్షి నాన్న పోయాకే ఎందుకు కరుస్తోంది? దీనికి ఆదికాండము 50లో ఒక జవాబుంది. యోసేపు అన్నలు అతణ్ణి అమ్మేశారు. ఐగుప్తులో అతను వాళ్లని కౌగిలించుకుని, అన్నం పెట్టి, ఊళ్లిచ్చాడు. తర్వాత వాళ్ల తండ్రి యాకోబు 17 ఏళ్లు అక్కడే బతికాడు. ఆ 17 ఏళ్లూ వాళ్లు క్షమాపణ కిందే ఉన్నారు. తండ్రి కన్ను మూయగానే మళ్లీ భయం: ఇప్పుడు యోసేపు పగ తీర్చుకుంటాడేమో! మళ్లీ క్షమించమని కబురు పంపారు. ఆ కబురు విని యోసేపు ఏడ్చాడు. కోపంతో కాదు, పదిహేడేళ్ల నుంచి తను పెట్టిన అన్నం తింటూ కూడా వాళ్లు తనని నమ్మలేదని తెలిసి. ఇంటికి పెద్ద పోతే పాత తప్పులన్నీ పైకి లేస్తాయి, నాన్న నీడలో దాగినవన్నీ బయట పడతాయి. మీకు జరుగుతున్నదదే. ఇది దేవుడు మనసు మార్చుకున్నాడనడానికి గుర్తు కాదు.

ఇక దేవుడి దగ్గరి లెక్క. కొలొస్సయులకు 2:14లో పౌలు వాడిన మాట మన ఊళ్లలో అందరికీ తెలిసిన వస్తువు గురించి: మనమీద ఋణంగా ఉన్న పత్రం. ప్రోనోటు అనుకోండి. దాని మీది చేవ్రాతను తుడిచేసి, మేకులతో సిలువకి కొట్టేశాడు అంటాడు. బాకీ తీరిన ప్రోనోటు చించి చేతికిచ్చాక, మళ్లీ ప్రతి నెలా షావుకారి గుమ్మం ముందు నిలబడి "కొంచెం గడువివ్వండి" అంటే ఆయనకి ఎలా ఉంటుంది?

మత్తయి 18లో యేసు చెప్పిన కథలో పదివేల తలాంతుల బాకీదారుడి తప్పు సరిగ్గా ఇదే. తలాంతు అంటే 6,000 దేనారములు, దేనారము అంటే ఒక రోజు కూలి. అంటే అతని బాకీ 6 కోట్ల రోజుల కూలి. అయినా కాళ్ల మీద పడి అడిగిందేమిటి? "ఓర్చుకో, అంతా చెల్లిస్తాను." గడువు అడిగాడు. రాజు గడువివ్వలేదు, మొత్తం కొట్టేశాడు. వాడు మాత్రం గడువు దొరికిందనుకుంటూనే బయటికి నడిచాడని నాకు అనిపిస్తుంది. లేకపోతే నూరు దేనారముల కోసం తోటివాడి గొంతెందుకు పట్టుకుంటాడు? బాకీ కొట్టేశారని నమ్మనివాడు ఎవరో ఒకరి గొంతు పిసుకుతాడు. మీరు పిసుకుతున్నది మీ గొంతే.

అందుకే "నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను" అన్న మాట వదిలేయమంటాను. ఈ మాట ఈమధ్య ప్రసంగాల్లో కూడా బాగా వినబడుతోంది గానీ, బైబిల్లో ఎక్కడా ఎవరూ తమని తాము క్షమించుకోరు. క్షమించే హక్కు బాకీ ఇచ్చినవాడిది. మీ కేసులో ఆ హక్కు ఇద్దరికే ఉంది, దేవుడికీ, అప్పకీ. మీరు ముద్దాయి. ముద్దాయి తీర్పు వింటాడే గానీ రాయడు. జెకర్యా 3 చదవండి. ప్రధాన యాజకుడు యెహోషువ మలిన వస్త్రాలతో నిలబడి ఉంటాడు, పక్కనే సాతాను నేరం మోపుతుంటాడు. ఆ అధ్యాయం మొత్తంలో యెహోషువ ఒక్క మాట మాట్లాడడు, ఒక్క గుడ్డ తనంతట తాను విప్పుకోడు. విప్పించినవాడు, కొత్తవి తొడిగించినవాడు వేరు. అతను చేసిందల్లా నిలబడి తొడిగించుకోవడం.

దేవుడితో ఒప్పుకోలు ఎలా చేయాలో చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే జారిపోతారు. మన ప్రార్థనల్లో అలవాటైన ఒక మాట ఉంది: "తెలిసీ తెలియక చేసిన పాపములు క్షమించుము తండ్రీ." సంఘమంతా కలిసి చేసే ప్రార్థనలో అది బాగుంటుంది. మీకు మాత్రం అది దాక్కునే గోనె. మీరు చేసింది తెలియక చేసింది కాదు, పూర్తిగా తెలిసి చేసింది. 1 యోహాను 1:9లో "ఒప్పుకొనినయెడల" అన్నచోట గ్రీకు మాటకి అర్థం "అదే మాట అనడం". దేవుడు దాన్ని ఏమంటాడో మీరూ అదే అనాలి. కాగితం మీద రాయండి. "నేను అప్ప గొలుసు దొంగిలించాను" అని రాయండి, "వాడుకున్నాను" అని కాదు. "నాన్నకి అబద్ధం చెప్పాను." "అప్పకి ఆరేళ్లు అబద్ధం చెప్పాను." నాలుగైదు వాక్యాలకి మించి ఉండవు. ఏ వాక్యంలోనూ "ఎందుకంటే" రాకూడదు. అది గట్టిగా, చెవికి వినబడేలా ఒక్కసారి చదివి, కీర్తన 32 మొదటి అయిదు వచనాలు చదివి, క్షమించినందుకు స్తోత్రం చెప్పి లేవండి. ఆ కాగితం దాచుకోకండి, చించేయండి. మర్నాటి నుంచి ఇదే పాపానికి మళ్లీ క్షమాపణ అడగొద్దు. మనసు పొడిచినప్పుడల్లా "క్షమించు" అనే చోట "క్షమించావు, స్తోత్రం" అనండి. అది మొదట్లో నోటికి పట్టదు, అబద్ధం ఆడుతున్నట్టే ఉంటుంది. ఎన్ని వారాలు పట్టినా అలాగే అనండి.

ఇప్పుడు అప్ప. నిజం చెప్పాలంటే నా జవాబంతా ఇక్కడికి రావడానికే.

లేవీయకాండము 6 మొదట్లో మీ కేసు ఉన్నదున్నట్టు ఉంది: పొరుగువాడు దాచమని ఇచ్చిన సొత్తు విషయంలో బొంకడం. అక్కడి తీర్పు, మూలధనం ఇచ్చి, దానిమీద అయిదోవంతు కలిపి సొత్తుదారుడికి ఇచ్చెయ్యాలని. ఎప్పుడు? అపరాధ పరిహారార్థబలి అర్పించే దినమునే. బలి ఒక రోజు, బాకీ ఇంకో ఏడాది అని లేదు. యేసు కూడా మత్తయి 5లో బలిపీఠం దగ్గర గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలేసి "మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము" అన్నాడు. ఆ మాట విన్నది గలిలయవాళ్లు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. నడిచి రావడానికి మూడు నాలుగు రోజులు పట్టే దూరం. అంత దూరం వెనక్కి నడిచి వెళ్లి, సరిచేసుకుని మళ్లీ రమ్మంటున్నాడు. మీకు చీపురుపల్లి ఒక్క రాత్రి ప్రయాణం.

మీరు ఏడాదిగా రెట్టింపు చేసిన కానుక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మార్కు 7లో కొర్బాను గురించి చదివే ఉంటారు. తల్లిదండ్రులకి చెందాల్సింది దేవుడికి ఇచ్చేశాం అని చేతులు దులుపుకునేవాళ్లని యేసు గట్టిగా తిట్టాడు. మీరు సంచిలో వేస్తున్న ఆ అదనపు డబ్బు అప్పది. ఈ నెల నుంచి కానుక పాత లెక్కకి తగ్గించి, మిగిలింది గొలుసుకి పక్కన పెట్టండి. మీ పాస్టరుగారు ఎందుకు తగ్గిందని అడిగితే అప్పు తీరుస్తున్నానని చెప్పండి, చాలు.

లెక్క. కుదవ రసీదు ఉంటే తీయండి. అందులో స్థూల బరువు, నికర బరువు గ్రాముల్లో ఉంటాయి. నికర బరువు పట్టుకోండి. రసీదు పోతే షాపు లెక్కలో తులం 10 గ్రాములు గనుక 30 గ్రాములు. పాత తులం 11.66 గ్రాములు, గొలుసు ఎప్పటిదో అప్పకే తెలుస్తుంది, ఆవిడ చెప్పిన లెక్కే ఖాయం చేయండి. 30 అనుకుంటే అయిదోవంతు 6, మొత్తం 36 గ్రాములు. డబ్బు లెక్క కట్టకండి. ఆరేళ్ల కిందటి ధర కట్టి రూపాయలిస్తే అప్పకి ఇవాళ సగం గొలుసు కూడా రాదు, మీరు ఇంకోసారి మోసం చేసినట్టవుతుంది. తూకం తూకంగానే ఇవ్వాలి, 22 క్యారెట్ల హాల్‌మార్కుది. ఒక్కసారి కొనలేరు కాబట్టి నెలకి 2 గ్రాముల చొప్పున 18 నెలలు. కుదరకపోతే 1 గ్రాము చొప్పున మూడేళ్లు. ఎంతన్నది మీ జీతాన్ని బట్టి, కానీ చెప్పినంత చెప్పిన నెలలో ఇవ్వాలి. మొదట గొప్పగా 5 గ్రాములు చెప్పి మూడో నెలలో ఆగిపోవడమే ఇలాంటి చోట ఎక్కువగా జరిగే తప్పు. అప్పుడు పాత గాయం మీద కొత్తది పడుతుంది. ఇంకొకటి, కుదవ పెట్టిన చోటికి వెళ్లి వేలం లెక్క అడగండి. అప్పూ వడ్డీ పోగా ఏమైనా మిగిలితే అది మీకు తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము, అది నేరుగా అప్పది.

సుంకం వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు కదా, నేను అయిదోవంతే ఇవ్వొచ్చా అని సందేహం వస్తే: జక్కయ్యని ఎవరూ అడగలేదు. యేసు ముందు అతని ఇంటికి వెళ్లాడు, తర్వాత అతనికి అది తన్నుకొచ్చింది. ఇచ్చినందుకు క్షమాపణ రాలేదు, క్షమాపణ వచ్చినందుకు చేతి ముడి విడింది. మీరు ఇవ్వబోయే 36 గ్రాములు కూడా పాపానికి ధర కాదు. ఆ ధర సిలువ మీద తీరింది. ఇది అప్ప మెడకి రావాల్సిన గొలుసు, అంతే.

చెప్పడం ఎలా? వాట్సాప్‌లో వద్దు, ఫోన్లో వద్దు. మనిషి ఎదురుగా కూర్చుని చెప్పాలి. అప్ప ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పాలి. ఇది చాలా ముఖ్యం. ఆడపిల్ల బంగారం పోయిందని అత్తవారింట్లో తెలిస్తే మీ తప్పుకి మాటలు పడేది అప్ప. బావకి, వాళ్ల అత్తగారికి ఎప్పుడు చెప్పాలి, అసలు చెప్పాలా అన్నది అప్ప తేల్చాలి. అమ్మకి కూడా అంతే. సంక్రాంతికి, పైడితల్లి సిరిమాను పండక్కి ఇల్లంతా చుట్టాలతో నిండి ఉన్నప్పుడు మాత్రం వెళ్లకండి. మాటలు ఇంచుమించు ఇలా ఉండాలి:

"అప్పా, నీ గొలుసు బ్యాంకులో లేదు. ఆరేళ్ల కిందట నేనే కుదవ పెట్టి డబ్బు వాడేసుకున్నాను. విడిపించలేదు, వేలానికి పోయింది. నీకూ నాన్నకీ అబద్ధం చెప్పాను. తప్పు నాది. నీ తూకానికి మించి బంగారం నెల నెలా తెచ్చి ఇస్తాను, ఇదిగో మొదటిది. నువ్వు ఏమన్నా పడతాను."

అక్కడితో ఆపండి. "అప్పుడు నా పరిస్థితి అలా ఉంది" అనొద్దు. "క్షమించావా?" అని వెంటనే అడగొద్దు, అది ఆవిడ మెడ మీద కత్తి. అన్నిటికన్నా ముఖ్యంగా "నేనిప్పుడు రక్షణ పొందాను, ప్రభువు నన్ను క్షమించేశాడు" అన్న మాట ఆ రోజు మీ నోట రాకూడదు. అది నిజమే. కానీ గొలుసు పోగొట్టుకున్న మనిషికి అది ఎలా వినబడుతుంది? తనని అడక్కుండానే లెక్క ముగించేసినట్టు వినబడుతుంది. బైబిలు సంచిలోనే ఉండనివ్వండి. పాస్టరుగారిని వెంట తీసుకెళ్లకండి. అప్ప ఏడుస్తుంది, తిడుతుంది, లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకోవచ్చు. కూర్చుని ఉండండి. గుడ్డలో కట్టిన మొదటి బంగారు నాణెం గచ్చు మీద పెట్టి ఉండనివ్వండి.

అప్ప క్షమించకపోతే? క్షమించకపోవచ్చు, ఏళ్లు పట్టొచ్చు. "డెబ్బది ఏళ్ల మారులు" క్షమించమన్న వచనం ఆవిడకి వినిపించడం మీ పని కాదు. తప్పు చేసినవాడు తనకి అనుకూలంగా వాడుకోవడానికి ఆ వచనం రాయలేదు. రోమా 12:18లో "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" అని ఉంది. మీ చేతనైనంత అంటే 36 గ్రాములు, నిజం, ఓర్పు. ఆవిడ మనసు మీ చేతిలో లేదు. ఆవిడ క్షమించేదాకా దేవుడి క్షమాపణ ఆగి ఉంటుందనుకోవడం మాత్రం పొరపాటు.

నాన్నకి చెప్పుకోలేకపోయాను అన్నారు. తన కళ్లముందే రాళ్ల దెబ్బలకి చనిపోయిన స్తెఫనుకి పౌలు కూడా చెప్పుకోలేకపోయాడు. రాళ్లు విసిరినవాళ్ల బట్టలకి కాపలా కాసిన సంగతి ఏళ్ల తర్వాత కూడా యెరూషలేములో అందరిముందూ దాచకుండా చెప్పాడు (అపొస్తలుల కార్యములు 22:20), కానీ దాని కింద నలిగిపోలేదు. పోయినవాళ్లకి ఇవ్వాల్సింది వాళ్లు వదిలి వెళ్లినవాళ్లకి ఇవ్వొచ్చు. దావీదు చనిపోయిన స్నేహితుడు యోనాతానుకి చేయలేనిది అతని కుంటి కొడుకు మెఫీబోషెతుకి చేశాడు (2 సమూయేలు 9). మీకు అమ్మ ఉంది. ఆవిడకీ ఏడాదికి రెండుసార్లు క్రియాటినిన్ చూపించండి, ఉద్దానంలో ఉన్నవాళ్లకి ఇది తప్పనిసరి అనుకోండి. వారానికి రెండు ఫోన్లు చేయండి. నాన్నకి చెప్పిన అబద్ధానికి ఇది బదులు కాదు గానీ, నాన్న ఉంటే అడిగేది ఇదే.

సంఘంలో ఆదివారం మైకు ముందు ఇది సాక్ష్యంగా చెప్పమని ఎవరైనా ప్రోత్సహిస్తే ఒప్పుకోకండి. తప్పు ఎంతమందికి తగిలిందో ఒప్పుకోలు అంతమందికే. ఊళ్లో చెప్పిన సాక్ష్యం సాయంత్రానికి చీపురుపల్లి చేరుతుంది. అయితే ఒక్క మనిషికి మాత్రం చెప్పండి, యాకోబు 5:16 అందుకే ఉంది. ఎవరికి? నోరు కట్టుకునేవాడు, మీ తప్పు తెలిశాక కూడా మీతో అన్నం తినేవాడు. ఈ ఎంపిక తేలిగ్గా తీసుకోవద్దు. యేసుని అప్పగించిన యూదా కూడా ఒప్పుకున్నాడు, 30 వెండి నాణేలు తిరిగిచ్చాడు. కానీ వెళ్లింది ప్రధాన యాజకుల దగ్గరకి. "దానితో మాకేమి? నీవే చూచుకొనుము" అన్నారు. అక్కణ్ణుంచి ఒంటరిగా వెళ్లిపోయాడు. యేసు ఎవరో తెలీదని మూడుసార్లు బొంకిన పేతురు అంతకన్నా తక్కువేం చేయలేదు, కానీ మిగతా పదిమందితోనే ఉన్నాడు, చేపలకి కూడా వాళ్లలో కొందరితోనే వెళ్లాడు. మీ ఇంట్లో కేథలిక్ బంధువులున్నారని రాశారు కాబట్టి చెబుతున్నాను: వాళ్ల పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడంలో) గురువు విన్నది బయటికి చెప్పకూడదన్న కట్టుబాటు చాలా గట్టిది. అయినా అక్కడ కూడా విమోచనం పొందాక దొంగిలించిన సొత్తు తిరిగివ్వాలనే బోధ. ఏ సంఘంలోనైనా గొలుసు గొలుసే.

ఇంకో సంఘానికి మారి రెండోసారి బాప్తిస్మం తీసుకుంటే భారం దిగుతుందని ఎవరో చెప్పారట. వద్దు. నీళ్లు చాలక కాదు మీ భారం ఉన్నది. తైలం రాసి, "శాపం తెంచుతాం" అని డబ్బు అడిగేవాళ్ల దగ్గరకి అసలే వెళ్లొద్దు. ఆ డబ్బుతో రెండు గ్రాములు వస్తాయి.

బల్ల గురించి. 1 కొరింథీయులకు 11:28ని మనవాళ్లు సగమే వింటారు. తన్ను తాను పరీక్షించుకోవాలి అన్నదాకా విని లేచి వెళ్లిపోతారు. వాక్యం అక్కడ ఆగదు, "ఆలాగు చేసి ఆ రొట్టెను తిని, ఆ పాత్రలోనిది త్రాగవలెను" అని ఉంది. పరీక్ష తినడానికే, మానడానికి కాదు. అప్ప దగ్గరకి వెళ్లే రోజు ఖాయం చేసుకుని, టికెట్టు తీసుకున్నాక, వచ్చే మొదటి ఆదివారం బల్లలో పాలుపొందండి. 18 నెలలు పూర్తయ్యేదాకా ఆగొద్దు.

ఒక హెచ్చరిక. రెండు వారాలుగా సరిగ్గా నిద్ర లేకపోతే, అన్నం సయించకపోతే, ఒప్పుకున్న పాపాన్నే రోజుకి పదిసార్లు మళ్లీ ఒప్పుకోకుండా ఉండలేకపోతే, చచ్చిపోతే బాగుండనిపిస్తే, అది వాక్యంతో మాత్రమే తీరే సంగతి కాకపోవచ్చు. మనసుకి వచ్చే జబ్బుల్లో పాపభీతి రూపంలో వచ్చేవి ఉన్నాయి. మార్టిన్ లూథర్ లాంటివాడు గంటల తరబడి ఒప్పుకోలు చెబుతూ, బయటికొచ్చాక మర్చిపోయిన పాపం గుర్తొచ్చి మళ్లీ వెళ్లేవాడు. ఇవి మందుతో, మాటతో తగ్గుతాయి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అది, ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే ఇవాళే చేయండి, పక్కన ఒక మనిషిని ఉంచుకోండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గదు. నాన్న డయాలసిస్‌కి వెళ్లినప్పుడు ఆయన విశ్వాసం తక్కువని మీరు అనలేదు కదా.

నాన్న సంవత్సరీకానికి వచ్చే నెల ఊరు వెళ్తున్నానన్నారు. కూడిక శనివారమైతే గురువారం రాత్రి బయల్దేరండి. శుక్రవారం పొద్దున్న నేరుగా చీపురుపల్లిలో దిగండి. ఆ శుక్రవారం ఉపవాసం వద్దు, స్టేషన్ దగ్గర టిఫిన్ చేసి వెళ్లండి, ఖాళీ కడుపుతో ఈ మాట చెప్పలేరు. బావ డ్యూటీకి వెళ్లే వేళ కనుక్కుని వెళ్లండి. రెండు గ్రాముల నాణెం, దాని బిల్లు, చిన్న నోటుపుస్తకం తీసుకెళ్లండి. పుస్తకం మొదటి పేజీలో 36 అని రాసి, కింద 2 తీసేసి 34 అని రాసి, పుస్తకం అప్ప చేతికే ఇచ్చేయండి. లెక్క ఆవిడ దగ్గర ఉండాలి.